ముప్పై అయిదు నిమిషాల మంచు

మా వదినతో ఎవరైనా "అయిదు నిమిషాల్లో వస్తా" అన్నారంటే అయిపోయారన్నమాటే. "ఎవరి అయిదు నిమిషాలు?" అని అడుగుతుంది. ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేక మా అన్నయ్య పెళ్ళికి ముందే సగం చిక్కిపోయాడు. మిగతా సగం పెళ్ళయ్యాక చిక్కాడు.

వదిన బస్సు డిపోలో కంట్రోలరు. పందొమ్మిదేళ్ళుగా అదే గాజు గది, అదే కుర్చీ, అదే మైకు. ఏ బస్సు ఎప్పుడు కదలాలో చెప్పేది ఆవిడ, ఎందుకు కదల్లేదో నిలదీసేది కూడా ఆవిడే. ఆవిడ రిజిస్టరులో ప్రతి రూటుకీ రెండు గడులుంటాయి. ఒకటి కాగితం మీద నిమిషాలు, రెండోది రోడ్డు మీద నిమిషాలు. మొదటి గడి పై అధికారుల కోసం, రెండోది తన కోసం. డ్రైవర్లు పెళ్ళాలకి చెప్పే అబద్ధాలు కూడా ఈవిడ దగ్గర చెప్పరు.

అన్నయ్య పళ్ళ సెట్లు తయారు చేస్తాడు. పొద్దస్తమానం పరాయివాళ్ళ పళ్ళు అరగదీస్తూ కూచోవడం వల్లనేమో, ఇంట్లో ఆయన నోరు తెరిచేది తక్కువ. నేను వాళ్ళ పై గదిలో ఉంటాను. వాషింగ్ మెషిన్లు బాగుచేస్తాను, వదిన వంట తింటాను, అడక్కుండా సలహాలిస్తాను.

ఇక వాళ్ళకున్న ఒక్కగానొక్క కూతురు. తొమ్మిదేళ్ళది. తిండి తినే తీరు చూసి నేనే పిచ్చుక అని పేరు పెట్టాను. దానికి చదువుంది, చురుకుంది, బోలెడంత నోరుంది. పడనిదల్లా రోడ్డు ప్రయాణం. చక్రాల మీద కాస్త దూరం వెళ్ళగానే మొహం పాలిపోతుంది, చెమటలు పడతాయి, ఆ తర్వాత జరిగేది జరుగుతుంది. విచిత్రం ఏమిటంటే విమానంలో మాత్రం హాయిగా నిద్రపోతుంది. మందులు వాడారు, నిమ్మకాయ వాసన చూపించారు, ముందు సీట్లో కూచోబెట్టారు. దేనికీ లొంగలేదు.

దారిలో పాడైన బండి ముందుకి పోకూడదు, డిపోకి తిరిగి రావాలి. ఇది వదిన ఉద్యోగంలో మొదటి సూత్రం. ఇంట్లోనూ అదే నడిచింది. పిల్ల ఒక్కసారి కక్కిందంటే చాలు, "వెనక్కి తిప్పండి" అనేది. అన్నయ్య తిప్పేవాడు. అలా నాలుగుసార్లు జరిగింది. సముద్రానికి వెళ్ళే దారిలో సగం, అడవికి వెళ్ళే దారిలో మూడోవంతు చూసి వచ్చాం. ఐదోసారి ఎవరూ ఎక్కడికీ పోదామనలేదు.

అలాంటిది, కిందటేడు ఒకరోజు భోజనాల దగ్గర అన్నయ్య నోరు తెరిచాడు. డిపోలో వదినకి ఎనిమిది రోజుల సెలవు మిగిలిపోయింది, బడికి కూడా శీతాకాలం సెలవులు, ఎక్కడికైనా మంచులోకి వెళ్ళి స్కీయింగ్ నేర్చుకుంటే ఎలా ఉంటుంది అన్నాడు. ఆయన అంత పెద్ద వాక్యం మాట్లాడటం నేను అదే వినడం.

పిచ్చుక గ్లాసు కింద పెట్టి, "మీరు వెళ్ళి రండి. నేను అమ్మమ్మ దగ్గరుంటా" అంది.

ఏడుస్తూ అనలేదు, అలిగి అనలేదు. ఉప్పు ఇటివ్వండి అన్నంత మామూలుగా అంది. వదిన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

పిల్ల పడుకున్నాక వదిన నా దగ్గరికి వచ్చింది. "విన్నావా మరిదీ? తనని లెక్కలోంచి తనే తీసేసుకుంటోంది. తొమ్మిదేళ్ళకే ఇది అలవాటైతే రేపు ప్రతిచోటా ఇంతే. మీరు వెళ్ళండి, నేనుంటా అనే మనిషవుతుంది" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు నేను చూడలేదని అనుకుంది, నేనూ చూడలేదన్నట్టే ఉన్నాను. "వెళ్తే నలుగురం వెళ్తాం. అది కక్కకుండా చేరే చోటు ఈ భూమ్మీద ఎక్కడో ఉండే ఉంటుంది" అంది.

ముందు పిల్ల ఎంతసేపు తట్టుకోగలదో తేల్చాలి. మూడు ఆదివారాలు మధ్యాహ్నం పూట పద్నాలుగో నంబరు బస్సులో తల్లీకూతుళ్ళు ఊరంతా చుట్టారు. వదిన ఒళ్ళో గడియారం, పిల్ల ఒళ్ళో సంచి. మొదటి ఆదివారం నలభై రెండు నిమిషాలు, రెండోసారి నలభై ఆరు, మూడోసారి నలభై. ఆ బస్సు డ్రైవరు మాత్రం తన మీదే నిఘా పెట్టారనుకుని మూడు వారాలు మహా బుద్ధిగా నడిపాడు. అన్నిటికన్నా తక్కువ దాంట్లోంచి అయిదు తీసేసి, "ముప్పై అయిదు" అని వదిన తీర్మానించింది.

తర్వాత ట్రావెల్ ఆఫీసు మీద పడింది. సాక్షిగా నన్ను తీసుకెళ్ళింది. అక్కడి అమ్మాయి నవ్వుతూ రంగురంగుల పుస్తకం తెరిచింది.

"ఇది చూడండి మేడమ్, కుటుంబాలకి బాగుంటుంది. ఎయిర్‌పోర్టుకి చాలా దగ్గర."

"దగ్గరంటే?"

"గంటన్నర అంతే."

"అంతేనా!" అంది వదిన. ఆ మాట అన్న తీరుకి ఆ అమ్మాయి పేజీ తిప్పేసింది.

రెండోది యాభై నిమిషాలు. మూడోది ముప్పై, కానీ దాని బొమ్మలో మనుషులు గోడ దిగుతున్నట్టు దిగుతున్నారు. "కొత్తవాళ్ళకి కూడా పనికొస్తుంది మేడమ్" అంది అమ్మాయి. "కొత్తవాళ్ళకి కాదు, జీవితం మీద విరక్తి పుట్టినవాళ్ళకి" అన్నాన్నేను. వదిన నన్ను నోరు మూసుకోమంది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఆ మధ్యాహ్నం ఆ అమ్మాయి పరిస్థితి తిరగబడింది. పదకొండు చోట్లు చూపించింది, పదకొండూ పోయాయి.

పన్నెండోది పుస్తకం చివర్లో చిన్న బొమ్మ. చిన్న ఊరు, నున్నటి వాలు, కొత్తవాళ్ళకి ప్రత్యేకంగా చోటు, విమానాశ్రయం నుంచి ఇరవై నిమిషాలు. వదిన ఆ అంకె మీద వేలు పెట్టి, "వీళ్ళ వ్యాను డ్రైవరు ఫోన్ నంబరు కావాలి" అంది.

"హోటల్ నంబరుంది మేడమ్."

"హోటల్ వాళ్ళు నడుపుతారా వ్యాను?"

నంబరు దొరికింది. వదిన అక్కడే, ఆ అమ్మాయి బల్ల మీదే ఫోను పెట్టి అందరికీ వినపడేలా మాట్లాడింది.

"బాబూ, ఎయిర్‌పోర్టు నుంచి మీ ఊరికి ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలండీ."

"అది ఆఫీసువాళ్ళు రాసింది. మీరు నడిపితే ఎంత?"

"మంచు పడకపోతే ఇరవై ఎనిమిది. పడితే ముప్పై మూడు."

"మలుపులు?"

"ఆరండీ. రెండు కాస్త పెద్దవి." తర్వాత తనే అడిగాడు. "మేడమ్, మీరు డిపోలో గానీ పని చేస్తారా?"

వదిన మొహం వెలిగిపోయింది. మనిషికి మనిషి దొరకడమంటే అదే. ఆ సాయంత్రమే టిక్కెట్లు తీసుకున్నాం. మా ఊరి ఎయిర్‌పోర్టు ఎలాగూ ఇంటికి పావుగంటే.

చేరిన రోజు మంచు పడలేదు. వ్యాను ఇరవై ఎనిమిది నిమిషాల్లో హోటలు ముందు ఆగింది. చివరి మలుపులో పిచ్చుక మొహం కొంచెం పసుపు తిరిగింది గానీ, దిగాక నాలుగుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి నవ్వింది. వదిన డ్రైవరు చేతులు పట్టుకుని ఊపింది. అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పిల్ల జీవితంలో మొదటిసారి ఒక రోడ్డు ప్రయాణం పూర్తిచేసింది, నేను మొహం కనపడకుండా సామాను ఎత్తుకుని ముందు నడిచాను. చలికనుకున్నారు.

ఇల్లు అలకగానే పండగ కాదు. మర్నాడు స్కీలు కట్టుకుని, బొమ్మల్లా బిర్రబిగుసుకుపోయి శిక్షకుడి ముందు నిలబడ్డాం. "కొత్తవాళ్ళ వాలు ఎక్కడండీ?" అంది వదిన. ఆయన వేలు పైకి చూపించాడు. కొండ మీద ఎక్కడో. అక్కడికి కేబుల్ కారులో వెళ్ళాలట, పదకొండు నిమిషాలట. తాడుకి వేలాడుతూ నాలుగు డబ్బాలు గాలికి అటూ ఇటూ ఊగుతున్నాయి.

వదిన తలెత్తి ఆ డబ్బాల్ని రెండుసార్లు లెక్కపెట్టింది. రోడ్డు గురించి అడగనిది లేదు. టైర్ల గురించి కూడా అడిగింది. డిపో బుద్ధికి చక్రాలు లేనిది బండి కాదు, అందుకని తాడు సంగతి తట్టనే లేదు. నాకూ తట్టలేదు గానీ, నన్నెవరు అడిగారు?

పిచ్చుక ఆ డబ్బాల్ని ఒక నిమిషం చూసింది. "మీరు వెళ్ళి రండి. నేను కింద ఉంటా" అంది.

"అందరం కిందే ఉంటాం" అంది వదిన.

కింద ఉన్నది ఒక్కటే. వ్యాన్లు నిలిపే చోటు పక్కన, రంగు రంగుల ప్లాస్టిక్ ఏనుగులతో కంచె కట్టిన చిన్న వాలు. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లలకట. దాన్ని చూసుకునే టీచరమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసి, "పాపకి సరే. మీరు ముగ్గురూ?" అంది. "మేమూ కొత్తవాళ్ళమే" అన్నాడు అన్నయ్య ఎంతో మర్యాదగా. ఆవిడకి జాలేసి పసుపు జాకెట్లు ఇచ్చింది. నాది మోచేతుల దగ్గరే ఆగిపోయింది.

ఆ నాలుగు రోజుల గురించి నేను ఎక్కువ రాయను, పరువనేది ఒకటి ఉంటుంది కదా. పైకి తీసుకుపోయే కదిలే పట్టీ మీద అన్నయ్య వెనక్కి తిరిగి నిలబడి, ఎక్కినన్నిసార్లూ అందరికీ వీడ్కోలు చెబుతున్నట్టే వెళ్ళాడు. నన్ను దాటిపోయిన వాళ్ళలో ఒకడి నోట్లో పాలపీక ఉంది. వదిన మాత్రం పడ్డప్పుడల్లా లేచి, "తర్వాతి బండి రానివ్వండి" అని పక్కకి తప్పుకునేది.

పిచ్చుక మాలాగా కాదు. రెండు రోజులు పడింది, మూడో రోజు మానేసింది. కాలివేళ్ళు లోపలికి, మడమలు బయటికి పెట్టి ఎక్కడ కావాలంటే అక్కడ ఆగేది. నాలుగో రోజుకి ఆ వాలు దానికి చాల్లేదు. కంచె దగ్గర నిలబడి పైకి చూస్తూ ఉండేది.

ఆఖరి రోజు పొద్దున టిఫిను దగ్గర, "ఇవాళ నేను పైకి వెళ్తా" అంది.

"వద్దు" అంది వదిన.

"వెళ్తానమ్మా."

"దాంట్లో ఏమన్నా అయితే?"

"అవుతుంది. అయితే అవనీ."

వదిన మా ఇద్దరివైపు తిరిగింది. నేను పిల్ల పక్షం అన్నాను. అన్నయ్య రొట్టె ముక్క కింద పెట్టి, "పద, వెళ్దాం" అని లేచాడు. అంతటితో తీర్పు అయిపోయింది.

డబ్బా తలుపు మూసుకుంది, నేల కిందికి జారిపోయింది. మూడో నిమిషంలో గాలి కొట్టింది. అయిదో నిమిషంలో పిచ్చుక చెయ్యి చాచింది, వదిన సంచి అందించింది, పిల్ల కక్కింది. వెంటనే వదిన లేచి అద్దం మీద దబదబా బాదుతూ, "ఆపండి! వెనక్కి తిప్పండి!" అని అరిచింది. వినడానికి అక్కడ ఎవరూ లేరు. తాడు మీద పోయే బండికి వెనక్కి తిప్పే వీలూ లేదు. అది తన పని తాను చేసుకుంటూ పైకే పోయింది. అన్నయ్య వదిన భుజం పట్టి కూచోబెట్టాడు. ఇంకో ఆరు నిమిషాల దారి ఉంది. నాకైతే దేవుడు గుర్తొచ్చాడు.

తలుపు తెరుచుకుంది. పిచ్చుక అందరికన్నా ముందు దిగింది. దోసిట్లోకి మంచు తీసుకుని మొహానికి రాసుకుంది, ఇంకాస్త నోట్లో వేసుకుని ఉమ్మేసింది. ఒక నిమిషం వంగుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. తర్వాత తలెత్తి చూసింది. ఎదురుగా తెల్లటి కొండలు, ఒకదాని వెనక ఒకటి, ఎండలో.

"అయిపోయింది" అంది. గొంతులో ఆశ్చర్యం. "అమ్మా, కక్కాక కూడా చేరతామా?"

వదిన దాని మూతి తుడవడానికి రుమాలు తీసింది.

"నాకు తెలీదు" అంది పిచ్చుక. "ఎప్పుడూ చేరలేదు కదా."

దాని మాటలో నిష్ఠూరం ఇసుమంత లేదు. ఉంటే బాగుండేది, తట్టుకునేవాళ్ళం. నాలుగు ప్రయాణాల్లో అది ఆగిపోలేదు, మేమే ఆపేశాం. అది మాత్రం ఇన్నాళ్ళూ తన వల్లే అనుకుని, అమ్మమ్మ ఇంటికి తప్పుకుంటానంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. వదిన స్కీలతో సహా మంచులో కూలబడి, పదిమంది చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా భోరుమని ఏడ్చింది.

"లే అమ్మా, బట్టలు తడిసిపోతాయి" అని పిచ్చుక తల్లి చెయ్యి పట్టి లాగింది. లేచేదాకా వదల్లేదు. తర్వాత అక్కడున్న శిక్షకుడి వైపు తిరిగి, "ఎటు నుంచి దిగాలండీ?" అని అడిగింది.