నాన్న వలకు సీసం గుళ్ళు

మొన్న ఇల్లు మారుతూ అటక మీది పాత ట్రంకు పెట్టె దించితే, అడుగున నాన్న విసురు వల కనబడింది. నూలు ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతోంది గాని, అంచున గుచ్చిన సీసం గుళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. పక్కనే కూర్చున్న మా చెల్లెలు, యాభై దాటిన మనిషి, ఒకటి ఇవ్వమని చిన్నపిల్లలా చెయ్యి చాచింది. గని ఊళ్ళల్లో పెరిగిన నా ఈడు వాళ్ళకైతే అర్థమవుతుందని చెబుతున్నాను గాని, ఇదంతా తవ్వుకునే ఓపిక నాకూ లేదు.

మా నాన్నది గోదావరి ఒడ్డు. బస్తర్‌లో ఇనుప గని షెడ్డులో పెద్ద బళ్ళు బాగుచేసే పని దొరికినప్పుడు, గిన్నెలతో పాటు వలనూ మోసుకొచ్చాడు. కొండ మీద ఖనిజం కడిగిన నీళ్ళతో మా ఇళ్ళ కింది వాగు ఎర్రమట్టి కలిపినట్టు పారేది, అందులో చేప బతికేది కాదు. అయినా ఆదివారం బస్సెక్కి, తోంగ్‌పాల్ దాటి, ఏదో తేటనీటి వాగు వెతుక్కుని వల విసిరి వస్తేగాని ఆయనకు వారం గడిచేది కాదు.

వలకు బరువు కావాలి కదా, షెడ్డులో పారేసిన బ్యాటరీల్లోని సీసపు పలకలు తెచ్చి, మూకుట్లో కరిగించి, మట్టి అచ్చుల్లో పోసి గుళ్ళు చేసేవాడు. స్నేహితుల వలలకూ ఆయనే. అక్కడి వాన పట్టిందంటే వదలదు, అందుకని కుంపటి వంటింట్లోకి వచ్చేసేది. విసనకర్ర నాది. చెల్లెలు కాళ్ళకు అడ్డం పడకుండా, కింద చింది చల్లారిన మెరిసే చుక్కలు ఏరి దాని చేతిలో పోసేదాన్ని. అది వాటిని బుగ్గన పెట్టుకుని చప్పరించేది. ఆ పని చేసింది నేనే.

అమ్మకు భయమల్లా ఎర్ర నీళ్ళంటే. కుళాయి నీళ్ళను మూడు మడతల గుడ్డలో వడగట్టి, సీసం మూకుడు దించిన కుంపటి మీదే తెర్లేదాకా కాచేది. చెల్లెలికి ఏడో ఏడు వచ్చేసరికి కడుపు నొప్పి, పాలిపోయిన మొహం, నిన్న దిద్దిన అక్షరం ఇవాళ గుర్తులేకపోవడం. నులిపురుగుల మందు పోశారు, గీదం సంతలో తాయెత్తు కట్టించారు. ఆస్పత్రిలో రక్తం తక్కువన్నారు. ఇనుప కొండ కింద కాపురం ఉంటూ ఇనుము బిళ్ళలు మింగాల్సి వచ్చిందేమిటని నాన్న నవ్వాడు.

సరిహద్దు పల్లె నుంచి కూరలు తెచ్చే అవ్వ మాత్రం ముక్కు మూసుకుని, "ఏందమ్మా గిది, నీళ్ళల్ల ఏం లేదు, నీ ఇంట్లనే ఏందో పాడు పొగ ఉన్నది," అంది. ఇల్లు కంపంటావా అని అమ్మకు కోపమొచ్చి, ఆమె దగ్గర కూరలు కొనడం మానేసింది.

తర్వాతెప్పుడో కొత్త డాక్టరు చెల్లెలి పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్ళ అంచున సన్నని నల్లటి గీత. నేరేడు పళ్ళు తిన్నదండీ అన్నాం. దూదితో తుడిచాడు, పోలేదు. ఇంట్లో ఏం పని జరుగుతుందని హిందీలో అడిగితే, నాన్న ఎంతో గర్వంగా తన గుళ్ళ సంగతి చెప్పాడు. ఆ గీత సీసం విషానిదేనని డాక్టరు చెప్పాక నాన్న ముఖం నేను మర్చిపోలేను. ఆ సాయంత్రమే అచ్చులన్నీ పగలగొట్టాడు. మళ్ళీ వల విసరలేదు.

నొప్పి తగ్గింది, ఒంట్లోకి నెత్తురు వచ్చింది, అక్షరాలు మాత్రం రాలేదు. చెల్లెలు ఆనాటి నుంచీ నా దగ్గరే ఉంది.

ఇప్పుడు మా కోడలు మనవడికి బొమ్మ కొంటే, రంగులో సీసం లేదని డబ్బా మీద చదివిగాని కొనదు. సీసం విషమన్న ఆ ఒక్క ముక్క మా రోజుల్లో ఎవరైనా రాసిపెట్టి ఉంటే ఎంత బాగుండేదో. చదవడం నాకు వచ్చు కదా, చదివి ఆగి ఉండేదాన్ని.

మొన్న ట్రంకు ముందు నేను వెనకాడుతుంటే, మా చెల్లెలు చాచిన చెయ్యి చాచినట్టే ఉంచి, నన్ను ఊరడిస్తున్నట్టు అంది:

"నోట్లో పెట్టుకోనులే అక్కా."