సినిమాలో శ్రీరామమూర్తి గారు పలికిన పేరు

పెళ్లాం సాధింపు పడలేక శ్రీరామమూర్తి గారు తన పిండం తనే పెట్టేసుకున్నారట, అదీ సినిమాలోనట! ఏలూరులో మన వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఇదే మాట. పిండం మాట నిజమేనండీ. సాధింపు మాట మాత్రం పచ్చి అబద్ధం. సూర్యకాంతం గారు ఆయన్ని సాధించాలంటే ముందు ఆయన ఇంటిపట్టున ఉండాలి కదా!

ఆయన చేయించేది అపరకర్మలు. ఎవరింట్లో మనిషి పోయినా పరుగున వచ్చి ఆయన్నే పిలుచుకెళతారు. పని అయ్యాక బజార్లో ఎదురుపడితే మొహం పక్కకి తిప్పుకుంటారు. ఆ పక్కచూపులు సూర్యకాంతం గారికీ తప్పలేదు. కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడని ఒక్కరూ పేరంటానికి పిలిచేవారు కాదు. ఒకసారి ఎదురింటి నాగశ్రీ వాళ్లింట్లో ఎవరో మంగళహారతి పాట మధ్యలో మరిచిపోతే, వీధిలో వెళుతున్న ఆవిడ గుమ్మం బయటినుంచే అందుకున్నారు. ఏం గొంతండీ అది! అప్పటినుంచి ఆవిడ పాట లేకుండా ఇక్కడ శుభకార్యం జరగలేదు.

అలా ఉండగా, సినిమా చదువు చదువుకొచ్చిన ప్రద్యుమ్న వాళ్ల అరుగెక్కాడు.

"తాతగారూ, ఇందులో కథ ఉండదండీ. చచ్చిపోయిన మనిషి కళ్లతో మనం పైలోకం దాకా వెళతాం. ఆ మనిషి ఎక్కడా కనబడరు. రంగులూ, మీ మంత్రమూ, అంతే."

"పైలోకం ఎక్కడ తీస్తావు నాయనా?"

"కొల్లేటికోటలోనండీ."

లోపల పప్పు మెదుపుతున్న సూర్యకాంతం గారు పకపకా నవ్వారు. "ఏవండీ, అంత దగ్గరే అయితే భోజనం వేళకి వచ్చేయండి!"

వచ్చారు. కానీ వస్తూనే తలారా స్నానం చేసి, కాసేపాగి మళ్లీ చేశారు. "ఉత్తుత్తి కర్మకి కూడా మైలేనా?" అని ఆవిడ వేళాకోళమాడితే తడిపంచె పిండుకుంటూ పెరట్లోకి తిరిగారు.

సినిమా తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ హాల్లో వేశారు. వీధంతా వ్యాను కట్టించుకుని వెళ్లింది. ఎవరింట్లోనో కర్మ ఉండి ఆయన మాత్రం రాలేదు. సూర్యకాంతం గారు పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. తెరమీద కొల్లేరు నీళ్లు గులాబీ రంగులోకి తిరిగాయి, ఆపైన పసుపయ్యాయి. కొంగలు వెనక్కి ఎగిరాయి. గుర్రపుడెక్క పూలు కళ్లలా తెరుచుకుని మూసుకున్నాయి. చేపల చెరువులో నీళ్లు చిమ్మే చక్రాలు నిప్పులు చిమ్మాయి.

"ఇది పైలోకమా, చీరల అద్దకమా?" అంది నాగశ్రీ. అందరూ ఘొల్లుమన్నారు. సూర్యకాంతం గారూ నవ్వారు.

అప్పుడు వినబడింది ఆయన గొంతు, నీళ్లమీదుగా, తాపీగా. "కౌశిక గోత్రస్య, శ్రీరామమూర్తి నామధేయస్య, ప్రేతస్య..."

నవ్వులు ఆగిపోయాయి. వరస వరసంతా తెర వదిలేసి ఆవిడ నుదుటి బొట్టుకేసి చూసింది. ఆవిడ చెయ్యి తనంతట తనే మంగళసూత్రాల మీదికి పోయింది. తిరిగొచ్చేటప్పుడు వ్యానులో ఆవిడ పక్కసీటు ఖాళీగానే ఉంది.

మళ్లీ వారం నాగశ్రీ కూతురు ఇందుజ సీమంతం. పిలుపైతే వచ్చింది. "పిన్నిగారూ, మీకు మోకాళ్ల నొప్పులు కదండీ, అలా కుర్చీలో కూర్చోండి. హారతి మా మేనకోడలు హర్షిణి పాడుతుందిలెండి" అంది నాగశ్రీ, ఎంతో మర్యాదగా. వెనకనుంచి ఎవరో, "బతికున్న మొగుడికి తద్దినం ఏ తిథినో కనుక్కోండర్రా" అని గుసగుసలాడారు. కిసుక్కున నవ్వులు.

హర్షిణి రెండో చరణం దగ్గర తడబడింది. సూర్యకాంతం గారి గొంతులోకి పాట వచ్చేసింది. నోరు తెరవబోయారు. ఇందుజ చప్పున కడుపుమీద చెయ్యి కప్పుకుంది. అది చూసి ఆవిడ పాట మింగేశారు. తాంబూలం ఇచ్చేటప్పుడు నాగశ్రీ కుంకుమ భరిణె పట్టుకుని ఒక్క క్షణం తటపటాయించి, మొహం పక్కకి పెట్టి బొట్టు పెట్టింది.

ఇంటికొచ్చేసరికి శ్రీరామమూర్తి గారు సావిట్లో దర్భలు చక్కబెట్టుకుంటున్నారు. తాంబూలం ఆయన ముందు పెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఇన్నాళ్లూ అడగలేనిది అడిగేశారు.

"నాతో బతకడం అంత విసుగొచ్చిందా మీకు? నా బొట్టు చూసి జనం నవ్వుతున్నారండీ. లోకంలో ఇన్ని పేర్లుండగా మీ పేరే ఎందుకు చెప్పారు?"

ఆయన దర్భలు కింద పెట్టారు. తలెత్తలేదు.

"ఆ అబ్బాయి చెప్పమన్నది ఆడమనిషి పేరే. పాతకాలం పేరు కావాలి తాతగారూ, వెలుగున్న పేరు, అని నీ పేరు చెప్పాడు. పాపం, వాడికేం తెలుసు? అది మా ఇంటావిడ పేరు నాయనా అందామనుకున్నాను. నలుగురిలో నీ పేరు ఏనాడైనా ఎత్తానా? సిగ్గేసింది. పిండం చేతిలో ఉంది, కెమెరా పెట్టిన పడవ కదిలింది. మంత్రంలో ఆ పేరు పక్కన ఆ మాట అనలేక నాది అనేశాను."