పొలిమేర దాటిన పిల్ల

ఉదయం ఏడింటికి సూర్యాపేటలో కోదాడ బస్సెక్కాను. ఆడవాళ్లకు ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. సీటు మాత్రం ఎవరి అదృష్టం వాళ్లది. "టికెట్ ఫ్రీ అయినంక నిలబడుడే అయితున్నదమ్మా" అని పూలగంపతో నిలబడ్డ ఒకామె నవ్వింది. వేములపల్లిలో ఉన్న మా అక్క మనవరాలు అనూషను చదివించడానికి మా ఇంటికి తెచ్చుకోవాలి. దారి చుట్టే అయినా, ముందు కోదాడలో నన్ను పెంచిన పెద్దమ్మకు చెప్పి వెళ్దామనుకున్నాను.

పిల్లల్లేని పెద్దమ్మ అప్పట్లో వేములపల్లి వచ్చింది నాకోసం కాదు, అక్కకోసం. చదువులో చురుకైనది అక్కే. సరిగ్గా ఆ వారమే దానికి అమ్మవారు పోసింది. ఒంటిమీద తల్లి ఉండగా పిల్లను పొలిమేర దాటించకూడదు, వేపాకు నీళ్లు పోసేదాకా ఆగాలి. పెద్దనాన్నకు అంత తీరిక లేదు. ఉత్త చేతులతో వెళ్లలేక పెద్దమ్మ నన్ను చంకనేసుకుంది. "దీన్ని తర్వాత వచ్చి తీసుకుపోతా" అని అక్కను చూపించి అమ్మకు చెప్పిందట. మళ్లీ రాలేదు.

కోదాడ బడి నన్ను టీచర్ను చేసింది. నా కొడుకు బ్యాంకులో ఆఫీసరు. అక్క నాట్లు వేస్తూనే ముసలిదైంది. నాన్న బస్తాలు మోసిన మిర్యాలగూడ రైస్‌మిల్లులోనే ఇప్పుడు దాని కొడుకు మోస్తున్నాడు. ఒకే కడుపున పుట్టాం కదా, తలచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

"ఇద్దర్నీ తెచ్చుకోవాల్సిందే. ఆ బుద్ధి అప్పుడు లేకపోయింది" అని, కోదాడలో నేను వచ్చిన పని చెప్పగానే, పెద్దమ్మ కళ్లొత్తుకుంది.

పదింటి బస్సు హుజూర్‌నగర్ మీదుగా మధ్యాహ్నానికి మిర్యాలగూడ చేర్చింది. బస్టాండు ఎదుట భోజనం బాగుంది, పప్పు అడగకుండానే మళ్లీ వడ్డించారు. అక్కణ్ణుంచి ఆటోలో వేములపల్లి.

అక్క అప్పటికే బ్యాగు సర్ది పెట్టింది. పెద్దమ్మ అన్న మాట చెప్పాను.

"ఆ అమ్మోరు గప్పుడే రావాల్నా సూడు! జర ఆగితే ఏం బోతుండె" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అక్క అనూషకు జడలు వేస్తూ మెల్లగా అడిగింది. "చిన్నదాన్ని గూడ తీస్కపోరాదే. అక్కచెల్లెండ్లు ఒక్కకాడ ఉంటరు."

నేనుండేది కొడుకింట్లో. కోడలు ఒక్క పిల్లకే ఒప్పుకుంది. ఆ సంగతి చెప్పలేక అనూష బ్యాగు అందుకున్నాను.

ఆటో ఎక్కబోతుంటే చిన్నది, పింకీ, నా కొంగు పట్టుకుంది. "నన్నెప్పుడు తోల్కపోతవ్ చిన్ననానమ్మా?"

"తర్వాత వచ్చి తీసుకుపోతానే" అన్నాను.

అక్క చప్పున నా మొహంలోకి చూసింది. పింకీని దగ్గరికి లాక్కుంది.

మిర్యాలగూడలో ఐదున్నరకు సూర్యాపేట బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చున్న అనూష చాలాసేపు వెనక్కే చూసింది.

"చెల్లెకోసం నిజంగ వస్తవా?" అంది.

గాలి వస్తోందని కిటికీ అద్దం మూశాను. ఈసారి ఏ పిల్లకూ అమ్మవారు పోయలేదు. అయినా ఒక్కదాన్నే తెచ్చుకున్నాను.