దుబాయ్‌లో నొప్పులు

ఇవాళ కోరుట్ల ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టి, 'డౌలా: కాన్పుకు తోడు' అని బ్యానర్ కట్టాను. పక్కనే మిర్చి బజ్జీల బండి. అందరూ నా కుర్చీల్లో కూర్చుని బజ్జీలు తిని పోయారే తప్ప ఒక్కరూ ఏమీ అడగలేదు. చివరికి నిండు నెలల కోడలితో ఒక అత్త ఆగింది.

"గీ డౌలా అంటే ఏంది బిడ్డా?"

"నొప్పులప్పుడు పక్కనుంట అమ్మా. నడుము రుద్దుత, ధైర్యం చెప్త."

ఆమె కోడలి వైపు చూసింది. ఆ పిల్ల నిశ్చింతగా బజ్జీ నములుతోంది.

"దీనికేం భయం లేదు. దుబాయ్‌ల నా కొడుకే గంటకోసారి ఫోన్ చేసి ఏడుస్తున్నడు. జర వానికి చెప్పు."

ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది. అవతల వెక్కిళ్లు. "మెల్లగ ఊపిరి పీల్చు తమ్మీ, ఇడువు" అన్నాను. కాసేపటికి కుదుటపడ్డాడు. కాన్పయ్యేదాకా అతను నా కేసే.

ధైర్యం సరే, దుబాయ్‌లో ఉన్నవాడి నడుము ఇక్కడినుంచి ఎలా రుద్దాలో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.