ఒక్కో రికార్డుకీ ఒక్కో తాళం

ఆస్పత్రి రికార్డు గదిలో ఆమెను అందరూ బీరువా అంటారు. ఎదురుపడితే బీరువా మేడం, చాటుగా ఉత్త బీరువా. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో ఒకసారి చూసిన కాగితాన్ని మర్చిపోయిన పాపాన పోలేదు. టైపిస్టుగా చేరింది. కంప్యూటర్లు వస్తే అవి నేర్చుకుంది, డేటాబేస్ వస్తే దాన్నీ పట్టుబట్టి నేర్చుకుంది. ముక్కు మీది కోపం మాత్రం చేరిన రోజు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది.

సోమవారం ఆస్పత్రి కొత్త భవనంలోకి మారుతోంది. పాత కంప్యూటర్లో ఉన్న ఇరవై మూడు లక్షల మంది రోగుల వివరాలు కొత్త డేటాబేస్‌లోకి ఎక్కాలి. శుక్రవారం సాయంత్రం ఐదింటికి పాతదాన్ని పీకి తుక్కుకి పంపేస్తారు. బుధవారం ఉదయం తొమ్మిదింటికి ఎక్కించడం మొదలుపెడితే సెకనుకి ఎనిమిది రికార్డులు కదులుతున్నాయి. మొత్తానికి ఎనభై గంటలు పడుతుందని సూపరింటెండెంటు కాలిక్యులేటర్ నొక్కి తేల్చాడు. చేతిలో ఉన్నవి యాభై ఆరు.

"గత పదేళ్ళవి చాలు. తొమ్మిది లక్షలు ఎక్కించండి. మిగతా పద్నాలుగు లక్షలు వదిలేద్దాం. ఆ పాతవాళ్ళు ఉన్నారో పోయారో ఎవరికి తెలుసు?" అన్నాడాయన.

బీరువాకి ఒళ్ళు మండింది.

"మా అక్క పన్నెండేళ్ళుగా ఈ ఆస్పత్రి గడప తొక్కలేదు సార్. అంటే పోయినట్టా? ఇరవయ్యేళ్ళ కిందట ఇక్కడే ఒక ఇంజెక్షన్ పడక చావు అంచుదాకా వెళ్ళొచ్చింది. ఆ సంగతి తన ఫైల్లో ఉంది, నేనే టైపు చేశాను. రేపు స్పృహ లేకుండా తీసుకొస్తే మీకెవరు చెబుతారు? ఇన్నాళ్ళూ రోగం తెచ్చుకోకపోవడం తన తప్పా?"

"ఆవేశపడకండి మేడం. టైం లేదు కదా!"

"టైం ఉంది సార్. పద్ధతే బాగాలేదు."

ఆ పద్ధతికి ఒక కథ ఉంది. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఒకసారి కరెంటు పోయి, రోజంతా కొట్టిన టైపింగ్ మొత్తం మాయమైంది. అప్పటినుంచి ఒక్కో రికార్డు పూర్తికాగానే సేవ్ చేసి తీరాలని రూలు పెట్టి, కాగితం మీద రాసి గోడకి అంటించారు. తర్వాత ఎక్కించే ప్రోగ్రాం రాసినవాళ్ళూ ఆ గోడకే దండం పెట్టారు. ఒక రికార్డు పంపడం, డిస్కు మీద సేవ్ అయ్యేదాకా ఆగడం, వెతకడానికని పేరుకీ వీధికీ ఫోను నంబరుకీ ఉన్న మూడు ఇండెక్సులూ సర్దుకోవడం, అప్పుడు రెండో రికార్డు. ఒక్కో రికార్డుకీ ఒక్కో తాళం వేసినట్టన్నమాట. ఎందుకిలా అని అడిగిన నాథుడు లేడు. ఇంతకీ అప్పటి హెడ్డు గుమాస్తాతో వారం రోజులు పోట్లాడి ఆ రూలు పెట్టించింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఈ బీరువానే. పోయిన టైపింగ్ ఆమెదే.

"మా ఆయన బట్టలారేసినట్టుంది సార్ మన ప్రోగ్రాం. ఒక చొక్కా ఉతికి, మూడంతస్తులెక్కి ఆరేసి, దిగొచ్చి ఇంకో చొక్కా ఉతుకుతారు. బకెట్ నిండాక పట్టుకెళ్ళచ్చుగా! ఐదువేలు ఒకేసారి పంపి ఒకేసారి సేవ్ చేద్దాం. ఆ మూడు ఇండెక్సులూ ముందు తీసేసి, అన్నీ ఎక్కాక ఒక్కసారే కట్టుకుందాం."

"మధ్యలో కరెంటు పోతే?"

"ఆ ఐదువేలూ మళ్ళీ పంపుతాం. అప్పుడంటే నా టైపింగ్ గాల్లో కలిసిపోయింది. ఇప్పుడు అసలువి పాత కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయిగా!"

సూపరింటెండెంటు గోడ మీది కాగితం చూపించి, "రూలు రూలే. మీరు ప్రోగ్రాం ముట్టుకోవద్దు" అని వెళ్ళిపోయాడు.

ఆ మాట ఆమె ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. మధ్యాహ్నం ప్రోగ్రాంకి ఒక నకలు తీసి, తన పద్ధతిలో మార్చి, ఖాళీ డేటాబేస్ మీద నడిపి చూసింది. ఇరవై నిమిషాలు పట్టే పదివేల రికార్డులు ఇరవై సెకన్లలో ఎక్కాయి. నమ్మకం కుదరక మూడుసార్లు నడిపింది.

గురువారం సాయంత్రం నాలుగింటికి తొమ్మిది లక్షలూ పూర్తయ్యాయి. సూపరింటెండెంటు కొత్త భవనంలో నేమ్‌ప్లేట్లు కొట్టిస్తున్నాడు. బీరువా లేచి గోడ మీది కాగితం పీకి బుట్టలో వేసింది. ఇండెక్సులు తీసేసి, మిగిలిన పద్నాలుగు లక్షలూ తను మార్చిన ప్రోగ్రాంతో పంపడం మొదలుపెట్టింది.

రెండు లక్షల దగ్గర ఆగిపోయింది. ఎవరిదో పుట్టినరోజు ఫిబ్రవరి ముప్ఫై అని ఉంది. ఆ ఒక్కదాని వల్ల దాని జట్టులోని ఐదువేలూ వెనక్కొచ్చాయి. సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటు తలుపు తీసి, తెర మీది మెసేజ్ చదివాడు.

"చూశారా! ఐదువేలూ పోయాయి! నేను చెబుతూనే ఉన్నాను."

"పోలేదు సార్. ఎక్కడివక్కడే ఉన్నాయి."

ఆ తేదీ కొట్టింది తనే. ఆ రోజు ఏ ధ్యాసలో ఉందో ఏమో, సిగ్గేసింది. అయినా చెయ్యి ఆగలేదు. పంపేముందే తేదీ చూసి, తప్పుంటే విడిగా ఒక పట్టికలో పెట్టేలా నాలుగు వరసలు రాసింది.

"లేవండి మేడం కుర్చీలోంచి."

"లేవను."

ఆమె ప్రోగ్రాం మళ్ళీ నడిపింది. నలభై నిమిషాల్లో రికార్డులు ఎక్కాయి, ఇంకో ఇరవై నిమిషాల్లో ఇండెక్సులు కట్టుకున్నాయి. పాత లెక్కా కొత్త లెక్కా పక్కపక్కన పెట్టి చూసింది. పక్కకి తీసినవి ఆరువందల పదకొండు. శుక్రవారమంతా కాగితపు ఫైళ్ళు తిరగేసి వాటిని చేత్తో దిద్ది ఎక్కించింది. ఐదింటికి పాత కంప్యూటర్ వైర్లు పీకుతుంటే కొత్త డేటాబేస్‌లోకి ఎక్కకుండా ఒక్క మనిషీ మిగల్లేదు.

సోమవారం కొత్త బల్ల మీద ఆమెకి మొదట కనిపించింది సూపరింటెండెంటు మెమో. ఎవరి అనుమతితో ప్రోగ్రాం మార్చారో రాతపూర్వకంగా తెలపాలట. బీరువా నిలబడే పెన్ను తీసి దాని కిందే జవాబు రాసింది:

"పద్నాలుగు లక్షల మంది అనుమతితో. పేర్లన్నీ కొత్త డేటాబేస్‌లో ఉన్నాయి. ఏ పేరైనా కొట్టి చూసుకోండి."