కుర్చీ ఖాళీగా ఉందని చెప్పింది నేనే

దయ్యాలంటే నాకు నవ్వు. భయం ఎప్పుడూ లేదు. మాది భావనపాడు. సముద్రంలో పోయినవాళ్లు పొద్దుగూకాక ఒడ్డున తిరుగుతారని చిన్నప్పుడు పెద్దవాళ్లంతా చెప్పేవారు. నేను అదే ఒడ్డున తిరగేసిన తెప్ప పక్కన కూర్చుని డిగ్రీ దాకా చదువుకున్నాను, పీతలు తప్ప నాకెవరూ ఎదురు రాలేదు. ఇప్పుడు కూడా ఏదో చూశానని చెప్పబోవడం లేదు. నేను చూడలేదు. నా బాధ కూడా అదే.

శ్రీకాకుళంలో ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్తాను. అది తిండి పెట్టే పని. ఖాళీ దొరికితే తెలుగులోకి డబ్బింగయిన సిరీస్‌లు చూసి, నా అభిప్రాయం వీడియో తీసి పెడతాను. పెద్ద ఛానెలేమీ కాదు, అయినా కొంతమంది అలవాటుగా చూస్తారు. ఎందుకంటే నేను తప్పులు బాగా పడతాను. నిండుగా ఉన్న టీ గ్లాసు తర్వాతి షాట్‌లో సగమైపోతే ఊరుకోను. గోడ గడియారం ముల్లు వెనక్కి పోతే వదలను. ఇదంతా సొంత డబ్బా అనుకోకండి. తెర మీద ఒక మనిషి కూర్చుని ఉంటే నా కంటికి ఆనకుండా పోడని చెప్పడానికి రాస్తున్నాను.

ఆ సిరీస్ పేరు చెప్పను. చెప్తే మీరు వెళ్లి వెతుకుతారు. ఒక కొండ ఊళ్లో మనసుకి వైద్యం చేసే డాక్టరమ్మ కథ అది. ఒకసారి ఒక రోగిని చాలాసేపు బయట కూర్చోబెట్టేస్తుంది. అతను విసిగి వెళ్లిపోయి ప్రాణం తీసుకుంటాడు. అప్పట్నుంచి ఆవిడకి నిద్ర ఉండదు, మాత్రలు మింగుతూ, తనలో తను మాట్లాడుకుంటూ, మిగతావాళ్లకి మాత్రం ధైర్యం చెప్తూ ఉంటుంది. ప్రతి ఎపిసోడూ ఆసుపత్రి ముందు గదిలో మొదలవుతుంది. వరసగా కుర్చీలు, వాటిలో మనుషులు. నర్సు వచ్చి ఒక పేరు పిలుస్తుంది. మూలనున్న పేము కుర్చీ ఒక్కటే చివరిదాకా ఖాళీగా ఉంటుంది.

నా వీడియోలో ఆ కుర్చీ గురించే ఎక్కువ మాట్లాడాను. పోయిన రోగికి గుర్తుగా దర్శకుడు దాన్ని ఖాళీగా ఉంచాడని, కథంతా ఆ కుర్చీలోనే ఉందని చెప్పాను. చెప్పాక నా భుజం నేనే తట్టుకున్నాను.

మామూలుగా అయితే ఆ వీడియో చేసే ఓపిక నాకు లేదు. దానికి కొన్ని నెలల ముందే మా నూకరాజు పోయాడు. మా అప్పకి, అంటే నా తోడబుట్టిన అక్కకి, వాడొక్కడే కొడుకు. మా వైపు కుర్రాళ్లు చాలామంది వెళ్లినట్టే వాడూ గుజరాత్ వైపు బోట్లలో పనికి వెళ్లాడు. వల లాగుతూ జారి నీళ్లలో పడ్డాడట. తోటివాళ్లు వెతికారు, దొరకలేదు. బావ అక్కడిదాకా వెళ్లి, ఆ ఒడ్డంతా తిరిగి, వాడి బ్యాగు పట్టుకుని వచ్చాడు. ఏదో ఒక పనిలో పడితే ఆ బ్యాగు కళ్లలోంచి పోతుందని నేను ఆ సిరీస్ ముందు కూర్చున్నాను.

మనిషి దొరక్కపోతే ఇసుకతో మనిషి రూపం చేసి, వాడి బట్టలు కప్పి, కర్మ చేసెయ్యమన్నారు పెద్దలు. అప్ప ఒప్పుకోలేదు. "నా గుంటడు ఇసకేటి?" అని ఒకటే మాట. చివరికి బావ ఏడ్చి బతిమాలితే మెత్తబడింది. గుజరాత్ వెళ్లినవాళ్లంతా ఇళ్లకి తిరిగొచ్చే రోజులు చూసి, వాడితో పనిచేసినవాళ్లు కూడా ఉంటారని ఒక ఆదివారం అనుకున్నారు.

ఆ వారంలోనే అప్ప ఫోన్ చేసింది. చదవడం రాదు గానీ నా వీడియోలన్నీ చూస్తుంది తను. సిరీస్ సంగతి అర్థమై కాదు, తమ్ముడు తెర మీద మాట్లాడుతుంటే చూడ్డానికి. ఈసారి పక్కింటి అమ్మాయి చేత సిరీసే పెట్టించుకుని చూసిందట. ఆ డాక్టరమ్మ గురించి ముందు నాలుగు తిట్లు తిట్టింది. "ఆవిడకే బాగోనేదు, ఊరోలికి ఏటి బాగు సేస్తాది?" అంది. నేను నవ్వాను. తర్వాత, చాలా మామూలుగా, "ఒరే, ఆ మూల కుర్సీ కాళీ అన్నావేటి? నూకడు కూకున్నాడు గదా" అంది.

మర్నాడు సెలవు పెట్టి ఊరికి వెళ్లాను. మిట్ట మధ్యాహ్నం. వాకిట్లో చేపలు ఎండుతున్నాయి, అప్ప వాటి పక్కనే నీడలో కూర్చుని ఉంది. ఫోను నా చేతిలో పెట్టి, మొదటి ఎపిసోడ్ పెట్టించి, ఆ గది రాగానే వేలు అద్దం మీద ఆనించింది. వేలి కింద పేము కుర్చీ ఉంది. దాని వెనక గోడ, పక్కన పూలకుండీ. ఇంకేమీ లేదు.

"అలగ కాలు మడిసి కూకోవద్దని ఎన్నిపాల్లు సెప్పినాను. ఆసుపత్రిలో కూడా అలగే కూకున్నాడు సూడు" అంది. వేలు తియ్యకుండానే, "గళ్ల సొక్కా అంతా తడిసిపోనాది. పంకా కిందకి రమ్మని ఒక్కలూ అనరు" అంది.

నాకు ఏడుపొచ్చింది. మా అప్పకి మతి తప్పిందని అనుకున్నాను. బావ నన్ను ఇంటి వెనక్కి తీసుకెళ్లి చేతులు పట్టుకున్నాడు. "నువ్వు సదువుకున్నోడివి. నేదని సెప్పరా. నీ మాటయితే ఇంటాది" అన్నాడు. పడవ మీద నిలబడి తుఫానుని తిట్టిన మనిషి, నా ముందు అలా నిలబడితే చూడలేకపోయాను.

లేదని చెప్పాను. అప్పకి కోపం రాలేదు. తీరిగ్గా ఆలోచించి ఒక మాట అంది. "నాకొక్కదానికే అగుపిస్తే నా మతి పోయినట్టే. ఒప్పుకుంటాను, ఆదోరం నాడు కర్మ సేసీండి. ఇంకెవులికైనా అగుపిస్తే మాత్రం ఆడు కూకున్నట్టే. కూకున్నోడికి కర్మ సేత్తారేటి?" తర్వాత, "సూసినోలంతా నీకేటో రాస్తారంటావు గదా. అయి సదువు" అంది.

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. వందమంది చూసి రాశారు, ఒక్కడు కూడా ఆ కుర్రాడి ఊసెత్తి ఉండడు. ఇంతకంటే మెత్తగా ఆమెకి నిజం చెప్పే దారి లేదనుకుని, నా వీడియో కింద జనం రాసినవి వరసగా చదవడం మొదలుపెట్టాను.

నత్తనడక సిరీస్ అని ఒకాయన. డాక్టరమ్మ ఏడుపు సహజంగా ఉందని ఒకావిడ. వెనక వాయించింది ఎక్కువైపోయి మాటలు వినపడలేదని ఇంకొకరు, దానికి అప్ప "నిజమేరా" అని తలూపింది. రాజాం నుంచి ఒకమ్మాయి, ఆఖర్న డాక్టరమ్మ చచ్చిపోయిందా ఊరు వదిలి పోయిందా అని మా హాస్టల్లో రెండు పార్టీలయ్యాం, మీరే తీర్పు చెప్పండన్నా అని రాసింది. "సచ్చిపోనేదు, పారిపోనాది" అని అప్ప తీర్పు చెప్పింది. ఆ కాసేపు మేమిద్దరం మామూలు అక్కాతమ్ముళ్లలా ఉన్నాం. చాలా నెలల తర్వాత ఆమె ముఖం మీద కొంచెం వెలుతురు చూశాను.

ఒక రిటైరైన మాస్టారున్నారు. ఎక్కడో రాయలసీమలో ఉంటారు. నా ప్రతి వీడియో కిందా బారెడు రాస్తారు. నేను మొదటి ముక్క చూసి, దండం బొమ్మ పెట్టి ముందుకి పోతుంటాను. ఇదీ అలాగే అప్పట్లో చూసి వదిలేసిందే. అప్ప వింటోంది కాబట్టి ఈసారి పూర్తిగా చదివాను.

"బాబూ, మీ విశ్లేషణ బాగుంది. కానీ పెద్ద లోపాన్ని మీరు పట్టలేదు. మూల కుర్చీ ఖాళీ అంటున్నారు. మొదటి ఎపిసోడ్ నుంచీ అందులో ఒక కుర్రవాడు కూర్చునే ఉన్నాడు. ఒక కాలు కుర్చీ మీదికి మడుచుకుని, తడిసిన గళ్ల చొక్కాతో, తలుపు వైపే చూస్తుంటాడు. వచ్చినవాళ్లందర్నీ పిలుస్తారు, అతన్ని పిలవరు. అతనెవరో చివరికైనా చెప్పరు. ఒక పాత్రని తెచ్చి అలా వదిలేయడం రచయిత బాధ్యత లేనితనం."

గళ్ల చొక్కా దగ్గరే ఆపేయాల్సింది. అయినా నోరు ముందుకి పోయింది, ఆపడం నా వల్ల కాలేదు. చదవడం అయ్యాక అప్ప లేచి ఎండలోకి వెళ్లి, చేపలు ఒక్కొక్కటే రెండో వైపుకి తిప్పింది. తిరిగొచ్చి, "కర్మ వద్దని మీ బావకి సెప్పు" అని లోపలికి వెళ్లిపోయింది.

శ్రీకాకుళం వచ్చి ఆ మాస్టారికి మెసేజ్ పెట్టాను. మీ ఇంట్లో ఈమధ్య ఎవరైనా చిన్నవయసువాళ్లు పోయారా అని అడిగాను. అవునని ఆయన అంటే చాలు, నాకొక కారణం దొరుకుతుంది. దుఃఖంలో ఉన్నవాళ్లు తమవాళ్లని చూసుకుంటున్నారని బావకి, అప్పకి, నాకు నేను చెప్పుకోవచ్చు. ఆయన జవాబు వెంటనే వచ్చింది. "లేదు నాయనా, అందరూ క్షేమం. నేను తప్పు పట్టింది కథని."

నూకరాజు ఆధార్ కోసం తీయించుకున్న ఫోటో ఒకటి నా దగ్గర ఉంది. మెడ నుంచి పైకి మాత్రమే. ఏమీ రాయకుండా దాన్ని పంపాను.

"ఇతనే. కొత్త నటుడా? మాట లేకుండా బాగా చేశాడు. పేరేమిటి? చేతికి నల్లతాడు, దానికో చిన్న గవ్వ ఎందుకు కట్టారో మాత్రం అర్థం కాలేదు. ఏమైనా సంకేతమా?"

ఆ తాడు వాడు ఆఖరిసారి గుజరాత్ బయల్దేరినప్పుడు, టెక్కలిలో బస్సు దగ్గర మా అప్ప కట్టింది. గవ్వ మా ఒడ్డున ఏరిందే. అది కట్టాక వాడు ఏ ఫోటో దిగలేదు. నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి అందులో ఏముంది? మాస్టారికి ఇప్పటిదాకా జవాబు ఇవ్వలేదు.

ఆ తర్వాత నేను చేయాల్సినవన్నీ చేశాను. ఆ గది వచ్చే చోట్లన్నీ ఒక్కో బొమ్మా ఆపి చూశాను. పెద్ద తెర మీద వేసి చూశాను. నా దగ్గర చదువుకునే పిల్లలకి ఏమీ చెప్పకుండా చూపించి, గదిలో ఎవరెవరున్నారో రాయమన్నాను. ఒక్కరూ ఆ కుర్చీ సంగతి రాయలేదు. మాస్టారి మాట కింద మిగతా ప్రేక్షకులు "ఏ కుర్రాడు సార్?" అని నవ్వుకున్నారు. నూకరాజే ఎప్పుడైనా షూటింగ్‌కి వెళ్లి కూర్చున్నాడేమో అని కూడా ఆలోచించాను. అది తీసిన రోజుల్లో వాడు అంతకు ముందు విడత గుజరాత్ బోటు మీద పనిలో ఉన్నాడు, అప్పటికి వాడి చేతికి ఆ తాడు లేదు.

అప్పని శ్రీకాకుళం తీసుకొచ్చి డాక్టరుకి చూపించాం. నిజం డాక్టరే, ఓపికగా విన్నాడు. బిడ్డ శవం చూడని తల్లికి ఇలా జరగడం అరుదేమీ కాదన్నాడు. నేను ఒప్పుకున్నాను. అప్ప బయటికి వెళ్లాక మాస్టారి మెసేజ్‌లు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, ఫోను తిరిగిచ్చి, మందులు మాన్పించకండి అని చెప్పి, తర్వాతి మనిషిని రమ్మన్నాడు.

అనుకున్న ఆదివారం వచ్చింది, పోయింది. గుజరాత్ నుంచి వచ్చిన మా కుర్రాళ్లు మళ్లీ బోట్లెక్కడానికి వెళ్లిపోయారు. బావ కర్మ మాట ఎత్తడం మానేశాడు, వేటకి వెళ్లడం కూడా మానేశాడు. అప్ప గంప ఎత్తుకుని చేపలమ్మడానికి వెళ్లడం లేదు. మధ్యాహ్నమయ్యేసరికి మొదటి ఎపిసోడ్ నుంచి పెట్టుకుంటుంది. నర్సు చేతిలో కాగితం చూసుకునేటప్పుడు అప్ప ఫోను ముఖం దగ్గరికి తెచ్చుకుంటుంది. వేరే పేరు పిలవగానే, "ఈపాలి కాదు" అంటుంది. ఆ మాట వినలేక బావ ఒడ్డుకి పోయి కూర్చుంటాడు.

వాడికి ఈత నేర్పింది నేను. వాడి మావని. నాకెందుకు కనిపించడు? ఊరూ పేరూ తెలియని మాస్టారికి గవ్వతో సహా కనిపించి, నాకు ఖాళీ కుర్చీ చూపించడం ఏ న్యాయమో నాకు తెలియదు. ఇప్పుడు దయ్యాలున్నాయని అంటానా అంటే, అనలేను. లేవని మా అప్ప ముందు అనడానికి కూడా నాకు నోరు రావడం లేదు. ఇదేమిటో ఎవరైనా చెప్తే వింటాను.

మొన్న వెళ్లినప్పుడు అప్ప తన అభిప్రాయం కూడా రాయమంది. సూసినోలంతా రాత్తన్నారు గదా, నానూ సూసినాను గదా అంది. ఆమె చెప్పింది చెప్పినట్టు నా వీడియో కింద రాశాను.

"డాక్టరమ్మా, నీ బాధ నీకున్నాది, నాను కాదనను. ఆ మూల కూకున్న గుంటడు తడిసిపోయి ఉన్నాడు. సిగ్గరి, తనకి తాను రాడు. ఓపాలి నువ్వే పేరెట్టి లోనికి పిలమ్మా. పేరు నూకరాజు. ఆడు లోనికెల్లీసినాక మేం సెయ్యవలసింది మేం సేసుకుంటాం."

రెండ్రోజులకి దాని కింద ఎవరో జవాబు రాశారు. మంచి మనిషే అయి ఉంటారు, మర్యాదగానే రాశారు. "రెండో సీజన్ లేదమ్మా. ఎవరూ చూడలేదని ఆపేశారు. ఇక రాదు."

అప్ప రోజూ ఫోన్ చేసి ఎవరైనా ఏమైనా రాశారా అని అడుగుతుంది. ఇంకా ఎవరూ రాయలేదని చెప్తున్నాను.