మడతలు మార్చని రెండు వానాకాలాలు

మా పెళ్లినాటి తెల్ల పట్టుచీరను నా భార్య ఏడాదికి రెండుసార్లు పెట్టెలోంచి తీసేది. తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి. చేతులు కడిగి తుడుచుకుని, చాప మీద పాత దుప్పటి పరిచి, దాని మీద చీర విప్పేది. కిటికీ ఓరగా వేసేది. ఎండ నేరుగా తగిలితే తెల్లపట్టు పచ్చబడుతుందట. కాసేపు గాలి తగలనిచ్చి, జరీ లోపలికి వచ్చేలా మళ్లీ మడిచేది. కిందటిసారి మడత పడినచోట ఈసారి పడకూడదు. చివరికి గంజి లేని, ఉతికి ఉతికి మెత్తబడిన పంచె ముక్కలో వదులుగా చుట్టేది.

అవి డెబ్బైల చివరి రోజులు. నేను మామిడికుదురు దగ్గర ఒక బళ్లో మేష్టరుని. నా శ్రద్ధంతా నా చొక్కాల మీదే. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా లేకపోతే ఆదివారం ప్రార్థనకి గుడికి కూడా వెళ్లేవాణ్ణి కాదు.

"నా చొక్కాకి గంజి పెట్టమంటే విసుక్కుంటావు. ఆ చీరకి మాత్రం ఇన్ని సేవలా?" అన్నానొకసారి.

"చొక్కా పోతే ఇంకోటి కొనుక్కుంటారు. పెళ్లి మళ్లీ చేసుకుంటారేంటి?"

"ఏమో, నువ్వు ఒప్పుకుంటే ఆలోచిస్తాను."

"నేను పోయేక చేసుకుందురు గాని. ముందు నాకీ చీర కట్టి పంపండి."

నవ్వుతూనే అంది. కానీ అది నవ్వులాట మాట కాదు. వాళ్ల వైపు ఆడవాళ్లని పెళ్లిచీరతోనే సమాధి చేస్తారు. వాళ్ల అమ్మమ్మని అలా పంపడం తను చిన్నప్పుడు చూసింది. పాతికేళ్ల మనిషి తన చివరి బట్టను ఒళ్లో పెట్టుకుని అంత నెమ్మదిగా దువ్వుతుంటే నాకు ఒళ్లు జలదరించేది. ఆ జలదరింపును వెటకారంతో కప్పుకునేవాణ్ణి.

మొదటి కానుపు నిలవలేదు. బరువులెత్తొద్దు, వంగొద్దు అన్నారు డాక్టరుగారు. చీర పని నా మీద పడింది. నాకప్పుడు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. అమలాపురం నుంచి మందపాటి ప్లాస్టిక్ సంచి తెచ్చాను. చీరను ఉన్న మడతల మీదే అందులో పెట్టి, గుప్పెడు కలరా ఉండలు పోసి, మూతి బిగించి కట్టాను. ట్రంకు పెట్టెకు తాళం వేసి అటక ఎక్కించాను. ఇక తేమ రాదు, పురుగు రాదు, నాకు పనీ ఉండదు.

"మడతలు మార్చేరా?" అని అడిగింది, వానలు తగ్గేక.

"ఆయ్, మార్చేను."

"జరీ లోపలికే వచ్చిందా?"

"లోపలికే."

మరుసటి ఏడు తొలకరికి మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు. రెండోసారి అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో నాకిప్పటికీ గుర్తుంది.

ఆ వానాకాలం తను నెలలు నిండుతూ సఖినేటిపల్లిలో పుట్టింట్లో ఉంది. ఇంట్లో నేనొక్కణ్ణే. ముసురు వదల్లేదు. గోదావరి ఎర్రబడి, రేవుల్లో మెట్లు ఒకటొకటిగా మునిగాయి. దండెం మీద నా గంజి చొక్కాల కాలర్లకు నల్లటి బూజు చుక్కలు వచ్చాయి. ఒకరోజు అటక చెక్క మీద అరచేయంత తడి మరక కనిపించింది. పైన పెంకు జరిగింది. నిచ్చెన వెయ్యాలనుకున్నాను. పొద్దున్న చూద్దాంలే అనుకున్నాను. వారం గడిచేసరికి మరక చాటంత అయింది. దాని కింద నిలబడితే కలరా ఉండల ఘాటు, ఆ ఘాటు వెనక ఇంకేదో వాసన. తల పక్కకి తిప్పుకుని నడిచేవాణ్ణి. పెట్టె తెరవనంతకాలం నేను చెప్పింది నిజమే కదా అన్నట్టుండేది.

కానుపు కష్టమైంది. పాప దక్కింది గాని తల్లికి రక్తం ఆగలేదు. అమలాపురం ఆసుపత్రికి తీసుకొచ్చారు. వరండాలో మా అత్తగారు నా దగ్గరికొచ్చి, నా మొహం చూడకుండా అంది.

"అల్లుడుగారండీ, ఇంటికెళ్లి ఆ తెల్లచీర పట్టుకురండి. దగ్గరుంచమంటంది."

పడవలో రేవు దాటి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమే చీకటి కమ్మినట్టుంది. పెట్టె దించి తాళం తీశాను. తుప్పుకి మూత పట్టేసింది. లాగితే కీచుమంది. సంచి లోపల నీటి చెమట. కలరా ఉండలు ఆనినచోటల్లా జరీ నల్లబడింది. చీర మీద తుప్పు రంగు మరకలు, బూజు. రెండు చేతులతో పైకెత్తాను. మడత మడత దగ్గరా విడిపోయింది. చిరిగిన చప్పుడు కూడా రాలేదు.

తను అప్పటికే పోయిందనీ, ఆ సంగతి ఈ చీరే నాకు ముందుగా చెబుతోందనీ నమ్మాను. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాటా రాలేదు. దేవుడితో కూడా ఏం అబద్ధం చెప్పాలా అని వెతుకుతున్నట్టుంది.

ఉత్త చేతులతో తిరిగి వెళ్లాను. తనకి స్పృహ ఉంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. నా చేతుల వైపు చూసింది.

"తాళంచెవి కనపళ్లేదు," అన్నాను.

చావుబతుకుల్లో ఉన్న మనిషికి చెప్పిన మాట అది. నా జీవితంలో చేసినవాటన్నిటిలో అంతకన్నా నీచమైనది నాకు గుర్తులేదు. తను కళ్లు మూసుకుంది.

తను బతికింది. మూడో నెలలో పాపనెత్తుకుని ఇంటికొచ్చింది. ఆ మూడు నెలల్లో ప్రతి ఆదివారం వెళ్లాను, ఒక్కసారీ నిజం చెప్పలేదు. పాపని నా చేతికిచ్చి, గది మూల ఉన్న పెట్టె వైపు చూసి అడిగింది.

"తాళంచెవి దొరికిందాండీ?"

ఆ రోజు తీసిన తాళం నేను మళ్లీ వెయ్యనేలేదు. తనే మూత ఎత్తింది. అటు తిరిగే కూర్చుని ముక్కలు ఒక్కొక్కటీ ఒళ్లోకి తీసుకుంది. అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. "ఇప్పుడు నాకేం కడతారు?" అంది, అంతే.

తర్వాత నేను కొత్త తెల్లపట్టు ఒకటి కొనుక్కొచ్చాను. బాగుందంది. పాప పెళ్లికి పనికొస్తుందని పక్కన పెట్టింది. పాత చీరను నీడలో ఆరబెట్టి, మెత్తటి బ్రష్షుతో బూజు దులిపి, విడిపోయిన ముక్కలకు వెనక పల్చటి నూలుగుడ్డ వేసి కుట్టింది. మళ్లీ పంచెలో చుట్టింది.

అప్పట్నుంచీ ఏడాదికి రెండుసార్లు దాన్ని నేనే తీస్తాను. తను కుర్చీలో కూర్చుని చూస్తుంది. నా మాట మీద వదిలేయడం మానేసింది. ఏటికేడు కొత్త మడతకి చోటు దొరకడం కష్టమవుతోంది. ఒకచోట జాగ్రత్తపడితే ఇంకోచోట పోగు వీడుతుంది. ఈ చీర ముందు పోతుందో, మాలో ఎవరు ముందు పోతామో తెలియదు.

"అక్కడ కాదండీ," అంటుంది. "అది పాత మడత."

ఆయ్ అని, విప్పి, మళ్లీ మొదలుపెడతాను.